రెక్కల బిళ్ల

మా ఇంట్లో భర్త కంటే ముందు పోయిన ఆడమనిషికి వెండి బిళ్ల చేయించి దేవుని అర్రలో కూర్చోబెడతారు. ఏడాది మాసికం దాటాక వచ్చే మొదటి పెత్రమాస, అంటే భాద్రపద అమావాస్య నాడు, పెద్దల పేరు మీద బియ్యం ఇచ్చే ముందు ఆ పని జరగాలి. బిళ్ల పెద్దదేమీ కాదు. పలుచటి వెండి రేకు మీద చీర కట్టుకుని నిలబడిన స్త్రీ బొమ్మ ఉబ్బెత్తుగా కొట్టి ఉంటుంది. మా నాయనమ్మది ఉంది, మా చిన్నమ్మది ఉంది. వెండి మాత్రం కొన్నది కాకూడదు. పోయిన మనిషి తల్లిగారింటి నుంచి వచ్చినదై ఉండాలి. అట్లా అయితేనే ఆమె లోపలికి వచ్చి కూర్చుంటుందని, లేకపోతే గడప బయటే నిలబడి ఉంటుందని మా వాళ్ల నమ్మకం.

నేను బడి పంతులును. ఇటువంటివి నమ్ముతావా అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో నాకు తెలియదు. నా భార్య జ్యోతిర్మయి పోయిన తర్వాత ఎవరూ అడగలేదు.

పోయిన ఏడు వానలు మొదలైన వారంలో ఆమెకు జ్వరం వచ్చింది. మా సిరోంచ దవాఖానలో సెలైన్ పెట్టారు. తగ్గలేదు. గడ్చిరోలి తీసుకుపొమ్మన్నారు. మహారాష్ట్రలో మా జిల్లా కేంద్రం అదే కానీ మాకు చాలా దూరం. అంబులెన్సు అల్లపల్లి దాకా వెళ్లింది. అక్కడి నుంచి ముందుకు వెళ్లాల్సిన పని లేకపోయింది.

జ్యోతిర్మయి తల్లి, మా అత్త పోశమ్మ, కర్మకు వచ్చి ఇక్కడే ఉండిపోయింది. మా అమ్మ లేదు. మా కూతురు ప్రగతి చంద్రపూర్‌లో హాస్టల్లో ఉండి ఫార్మసీ చదువుతోంది. నేనొక్కణ్ని ఏం తింటానోనని ఆమె ఉండిపోయింది కానీ ఆ మాట ఎన్నడూ అనలేదు. పెరట్లో బీరపాదు పెట్టింది. అది కాసేదాకా ఉంటానంది. అది కాసి, ఎండిపోయింది. మళ్లీ గింజలు నాటింది.

ఈ ఏడు శ్రావణం వెళ్తుండగా ఒక ఆదివారం పొద్దున ఆమె జ్యోతిర్మయి ఇనుప పెట్టె తెరిచి, చీరల కింద నుంచి ఒక గుడ్డ మూట తీసి నా చేతిలో పెట్టింది. విప్పకముందే అందులో ఏముందో నాకు తెలుసు.

అది విమానం బిళ్ల. పాత రూపాయి కంటే బాగా పెద్దది. ఒక వైపు కొండల మీదుగా పోతున్న విమానం, ఒకదాని మీద ఒకటిగా రెండు వరుసల రెక్కలున్న పాతకాలపుది. రెండో వైపు భుజాలకు రెక్కలున్న ఒక స్త్రీ చేతులు చాచి ఉంటుంది. ఆమెకు ముఖం లేదు. ఒకప్పుడు ఉండి ఉంటుంది. పై అంచున ఒక రంధ్రం, అందులో నల్లతాడు. చుట్టూ ఇంగ్లీషు అక్షరాలు ఉండేవని తెలుస్తుంది కానీ చదవడానికి రావు. మా అత్త తండ్రి కొండన్న దాన్ని ఎక్కడి నుంచో తెచ్చాడట. ఆ రెక్కల స్త్రీని దేవతే అనుకుని వాళ్లింట్లో దేవుళ్ల మధ్య పెట్టారు. రెక్కలతల్లి అనేవాళ్లు. ప్రతి పండగకూ చింతపండుతో తోమి, పసుపు రాసి, కుంకుమ పెట్టేవాళ్లు. జ్యోతిర్మయి పెళ్లై వచ్చినప్పుడు ఆ తల్లి ఆమెతో మా ఇంటికి వచ్చింది.

ఇక్కడికి వచ్చాక దేవుళ్ల మధ్య ఎక్కువ రోజులు ఉండలేదు. జ్యోతిర్మయి అంగన్‌వాడీలో పనిచేసేది. బిళ్లను కొంగున కట్టుకుని వెళ్లి పిల్లలకు చూపించేది. మా తాత ఇమానమెక్కిండు, పై నుంచి చూస్తే మన ప్రాణహిత సన్నగ ఎండ్రికాయ గీసిన గీత లెక్క ఉండెనట, అని చెప్పేది. ఆ కథ నేను ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు.

"జోతికి నా ఇంట్ల నుంచి అచ్చిన ఎండి ఇదొక్కటే," అంది అత్త. "దీన్ని కరగబోసి బిళ్ల చేపియ్యి అల్లుడా. పెత్రమాసకు నా బిడ్డ లోపల కూసోవాలె."

ఆమె చెప్పింది నిజమే. కూలికి పోయే ఇంటి నుంచి జ్యోతిర్మయికి ఇది కాక వచ్చినవి పట్టగొలుసులు మాత్రమే. అవి మేము ఇల్లు కట్టినప్పుడే అమ్ముడుపోయాయి. విమానం బిళ్ల కరగడం నాకు ఇష్టం లేదు. అది ఆమె చేతిలో చూస్తూ వచ్చిన వస్తువు. కానీ అత్త అడుగుతున్నది తన బిడ్డకు చోటు. సరే అన్నాను.

వెండి బంగారు పని చేసే సోము అవుసలి దుకాణం బస్టాండు వెనక సందులో ఉంది. ఈ చుట్టుపక్కల పెద్దల బిళ్లలన్నీ అతని చేతి మీదుగానే వస్తాయి. నన్ను చూసి కుర్చీ తుడిచాడు. ఎందుకు వచ్చానో చెప్పకముందే ఒక ఇత్తడి అచ్చు తీసి ముందు పెట్టాడు. దాని మీద వెండి రేకు పెట్టి కొడితే బొమ్మ లేస్తుంది. అతని దగ్గర ఆడమనిషి అచ్చు ఒకటే. వాళ్ల తాత నాటిది. నిండు ముఖం, పెద్ద కొప్పు, చేతిలో పువ్వు. మా నాయనమ్మ ముఖమూ మా చిన్నమ్మ ముఖమూ దేవుని అర్రలో ఒక్కతీరుగా ఎందుకు ఉంటాయో ఆ రోజు తెలిసింది. మా నాయనమ్మ బక్కపలుచని మనిషి.

సోము బిళ్లను గీటురాయి మీద గీశాడు. గీత మీద మందు చుక్క వేశాడు. బిళ్లను నేల మీద జారవిడిచి చప్పుడు విన్నాడు. గోటితో అంచు గీకాడు. తర్వాత బిళ్లను నా ముందుకు జరిపాడు.

"ఇది ఎండి గాదు సారు. తగరం. జర సీసం గూడ కలిపినట్టున్నది. గిన్నెలకు కళాయి పెట్టుకునేటందుకు పనికొస్తది గంతే."

చివరి మాట అన్నందుకు అతనే నొచ్చుకున్నాడు. చాయ్ తెప్పిస్తానన్నాడు. వద్దన్నాను.

అత్త నా మాట నమ్మలేదు. మరునాడు తానే బిళ్ల పట్టుకుని సోము దగ్గరికి వెళ్లింది. వచ్చి పెరట్లో బీరపాదు దగ్గర కూర్చుంది. తన తండ్రి దాన్ని ఎండి అనే చెప్పాడని, చిన్నప్పటి నుంచి ఎండి అనే దండం పెట్టానని నెమ్మదిగా అంది. కొత్త వెండి కొని చేయిద్దామన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. కొన్న ఎండి మీద నా బిడ్డ పరాయిదాని లెక్క నిలవడ్తది అంది. ఆ సాయంత్రం అన్నం తినలేదు. పెత్రమాస దగ్గరికి వస్తోంది. ఆమె ఊర్లో, ఆమె ఇంట్లో ఇక వెండి అనేది లేదు. ఇల్లే కూలిపోయింది.

ప్రగతి ఫోన్ చేసినప్పుడు ఈ సంగతి చెప్పాను. అది కాసేపు ఆలోచించి ఫోన్ అమ్మమ్మకు ఇమ్మంది. స్పీకర్ పెట్టాను.

"అమ్మమ్మా, నీ ఎడ్లనమ్మి మేకలు కొంటే ఆ మేకలెవరియి?"

"నావే. ఇంకెవరియి?"

"మరి రెక్కలతల్లిని అమ్మి ఎండి కొంటే ఆ ఎండి ఎవరిది? అమ్మ తల్లిగారిదే గద."

అత్త ఆ మాట చుట్టూ అటూ ఇటూ తిరిగి చూసింది. ఎక్కడా దారి తప్పినట్టు కనిపించలేదు. "ఈ పిల్ల వకీలు సదువుడు మాని మందుల సదువు సదువుడేంది," అంది నాతో. ఏడాది తర్వాత ఆమె ముఖంలో నవ్వు లాంటిది చూశాను.

అట్లా ఆ బిళ్ల ఏమిటో, దాని విలువెంతో తెలుసుకునే పని నా మీద పడింది. ప్రగతే వాకబు చేసింది. చంద్రపూర్‌లో వాసుదేవ్ సేఠ్ అని బట్టల దుకాణం పెద్దాయన ఉన్నాడు. వాళ్ల తాతలు సిరోంచలో వ్యాపారం చేసినవాళ్లే. దుకాణం కొడుకులకు అప్పగించి పాత నాణేలు, పతకాలు పోగు చేస్తాడు. నాగపూర్ నుంచి కూడా మనుషులు వచ్చి ఆయనకు చూపించుకుపోతారట. నేను ఫోన్ చేస్తే ముందు దాని మీద ఏం రాసి ఉందో చెప్పమన్నాడు. చదవరాదన్నాను. అయితే చదివే ప్రయత్నం చేయండి గురూజీ, కానీ తోమకండి, కడగకండి అన్నాడు.

బడిలో చిన్న తరగతులకు నేను చేయించే పని ఒకటి ఉంది. నాణెం మీద కాగితం పెట్టి పెన్సిలు ముక్కను పడుకోబెట్టి రుద్దితే బొమ్మ దిగుతుంది. ఆ ఆదివారం బల్ల మీద బిళ్ల పెట్టి అదే చేశాను. కంటికి కనపడనిది కాగితం మీద కొంత కనపడింది. విమానం కింద 'ఫ్లయింగ్ వీక్' అన్న ఇంగ్లీషు మాటలు వచ్చాయి. సంవత్సరంలో చివరి అంకె తప్ప తక్కినవి వచ్చాయి, పందొమ్మిది వందల ముప్పైలలో ఏదో ఒకటి. ఊరి పేరులో చివర 'పూర్' మాత్రం వచ్చింది. ముందు భాగం ఎన్ని సార్లు రుద్దినా తెల్లగానే ఉంది. నాగపూర్ కావచ్చు, రాయపూర్ కావచ్చు, జబల్‌పూర్ కావచ్చు. రెక్కల స్త్రీ వైపు కూడా రుద్దాను. రెక్కల ఈకలు వచ్చాయి. ముఖం రాలేదు.

పెత్రమాసకు ముందు శనివారం మహారాష్ట్ర సర్కారు ఎస్టీ బస్సులో చంద్రపూర్ బయలుదేరాను. బిళ్లను అత్త తెల్ల గుడ్డలో చుట్టి ఇచ్చింది. జర మంచి ధర అడుగు, మొఖమాటపడకు అని చెప్పింది.

చంద్రపూర్ బస్సు అల్లపల్లి మీదుగా పోతుంది. జ్యోతిర్మయి పోయిన తర్వాత ఆ దారిన నేను పోలేదు. మంచిర్యాల వైపు నుంచి తిరిగి పోవచ్చు. ఆ సంగతి బస్సెక్కాక గుర్తుకు వచ్చిందని నాకు నేను చెప్పుకున్నాను. టేకు అడవి మొదలైంది. వానలకు ఆకులు పెద్దవై రోడ్డు మీదికి వంగి ఉన్నాయి. అల్లపల్లిలో బస్సు చాయ్ కోసం ఆగింది. అందరూ దిగారు. నేను దిగలేదు. కిటికీలోంచి కలప డిపో గోడ కనపడుతోంది. అంబులెన్సు ఆ గోడ పక్కనే ఆగింది. ఆ రోజు గోడ మీద మరాఠీలో రాసి ఉన్న వాక్యాన్ని నేను మళ్లీ మళ్లీ చదివాను. అడవిని కాపాడండి అని ఉంది. ఇప్పుడు దాని మీద సున్నం వేశారు. అక్షరాలు కింద నుంచి కొద్దిగా కనపడుతున్నాయి.

ప్రగతి చంద్రపూర్ బస్టాండులో ఎదురొచ్చింది. చిక్కిపోయింది. తింటున్నావా అని అడిగితే, "నువ్వు తింటున్నవా బాపు," అంది. ఇద్దరం ఆటో ఎక్కాం.

వాసుదేవ్ సేఠ్ దుకాణం మేడ మీద గదిలో ఉన్నాడు. ఎనభై దాటిన మనిషి. మా వైపు తెలుగే మాట్లాడాడు, మధ్యలో మరాఠీ కలుపుతూ. కిటికీ పక్కన బల్ల మీద నల్ల బట్ట పరిచి ఉంది. బిళ్లను గుడ్డలోంచి తానే విప్పాడు. అంచులు మాత్రమే పట్టుకున్నాడు. తూచాడు, కొలిచాడు, భూతద్దం కింద పెట్టి ఒక్కో వైపూ తిప్పి చూశాడు. మేము కదలకుండా కూర్చున్నాం. దవాఖానలో రిపోర్టు కోసం కూర్చున్నట్టే ఉంది.

ఆయన చెప్పింది ఇది. ఆ రోజుల్లో విమానాలవాళ్లు ఊరూరా తిరిగేవాళ్లు. పెద్ద ఊళ్ల బయట మైదానం చదును చేయించి, వారం రోజులు డేరాలు వేసి, ఆకాశంలో విన్యాసాలు చూపించేవాళ్లు. డబ్బున్నవాళ్లు టికెట్ కొని ఒక చుట్టు తిరిగి వచ్చేవాళ్లు. ఆ వారానికి గుర్తుగా ఇట్లాంటి పతకాలు వేయించి గేటు దగ్గర అమ్మేవాళ్లు. దొరలకు వెండివో కంచువో, తక్కినవాళ్లకు తగరపువి. రెక్కల స్త్రీ దేవత కాదు. గెలుపుకు గుర్తుగా వాళ్ల దేశాల్లో వేసుకునే బొమ్మ. వెనక వైపు బొమ్మ అన్ని ఊళ్లకూ అదే. ముందు వైపు ఊరి పేరు మాత్రం మారుతుంది. ఒకే అచ్చు మీద వేలల్లో కొట్టి ఉంటారు.

దీన్ని తెచ్చిన మీ పెద్దమనిషి విమానం ఎక్కాడా అని సేఠ్ అడిగాడు. ఎక్కాడని ఇంట్లో చెప్పుకుంటారన్నాను. ఎక్కినవాళ్లకు వేరే పతకం ఉండేదని, ఇది చూడవచ్చినవాళ్లదని ఆయన మెల్లగా అన్నాడు. ప్రగతి తల వంచుకుంది. వాళ్లమ్మ ఒడిలో కూర్చుని ఆ కథ వింటూ అన్నం తిన్న పిల్ల.

తర్వాత విలువ సంగతి. బిళ్లను నా వైపు తిప్పి, పెన్ను మొనతో తాకకుండా చూపించాడు. పైన బెజ్జం వేశారు. బెజ్జం పడ్డ పతకాన్ని సేకరించేవాళ్లు పక్కన పెడతారు. రెండోది, తోమి తోమి పైపొర అంతా పోగొట్టారు. ఊరి పేరైనా మిగిలి ఉంటే ఎవరో ఒకరు ఆ ఊరి కోసం కొనేవాళ్లు. మూడోది అంచు. భూతద్దం నాకిచ్చాడు. కింది అంచున, విమానం వైపు పక్కపక్కనే రెండు చిన్న నొక్కులు, అదే చోట రెండో వైపు ఒకటి.

"ఇవి పనిముట్టుతోటి పడ్డయి గావు. మెత్తటి లోహం గద, ఎలుక కొరికిందో ఏమో. నిజం చెప్పాలంటే గురూజీ, మీ బస్సు చార్జీ గూడ రాదు."

నేను కృతజ్ఞత చెప్పి లేవబోయాను. ప్రగతి లేవలేదు. ఎందుకు వచ్చామో, అమ్మమ్మ ఏమంటుందో, పెత్రమాస ఎప్పుడో అంతా చెప్పేసింది. నేను ఆపలేదు. సేఠ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. బిళ్ల తన దగ్గర వదిలిపెట్టమన్నాడు. ఒక వెండి బిళ్లకు ఎంతవుతుందో అంత ఇస్తానన్నాడు. మా తాత గూడ సిరోంచ మట్టిలనే పెరిగిండు, ఇది నా పెట్టెల ఉంటె నాకూ ఇష్టమే అన్నాడు.

ప్రగతి నా చెయ్యి నొక్కింది. "తీస్కో బాపు."

తీసుకుంటే పని అయిపోతుంది. సోము దగ్గర వెండి కొంటాం, అత్త మనసు కుదుటపడుతుంది, జ్యోతిర్మయి లోపల కూర్చుంటుంది. కానీ ఆయన ఇస్తానన్నది బిళ్ల ధర కాదు. అది ఆయన మంచితనం. ఇది తల్లిగారింటి లోహం విలువేనా అని అత్త అడిగితే అబద్ధం చెప్పాలి. ఆమెను అడిగి చెప్తానన్నాను. సేఠ్ తల ఊపి బిళ్లను మళ్లీ గుడ్డలో చుట్టాడు, అత్త చుట్టిన మడతల్లోనే.

ప్రగతి నాతో సిరోంచకు వచ్చింది. దారంతా నా మీద కోపంగా ఉంది. అల్లపల్లి వచ్చేసరికి నిద్రపోయినట్టు కళ్లు మూసుకుంది. నిద్రపోలేదు.

ఇంటికి చేరేసరికి అత్త వాకిట్లో బియ్యం చెరుగుతోంది. చాట పక్కన పెట్టింది. ధర పలికిందా అని అడిగింది. ప్రగతి నోరు తెరవకముందే నేను అంతా మొదటి నుంచి చెప్పాను. సేఠ్ ఇస్తానన్నదీ చెప్పాను, అది ఎందుకు ఇస్తానన్నాడో కూడా చెప్పాను. నిర్ణయం నీదే అత్తా, నువ్వు ఇయ్యమంటే రేపే పోయి ఇచ్చి వస్తా అన్నాను.

ఆమె మొదట వేరే సంగతి ఎత్తుకుంది. "ఇమానమెక్కినోళ్లకు వేరే బిళ్లనా? మా నాయిన ఎడ్లబండి తప్ప ఏదీ ఎక్కలె. నాగపూర్‌ల మైదానం గడ్డి కోసెటందుకు పోయిండు. ఇమానం లేసినప్పుడు గడ్డంత నేల మీద పండుకున్నదని చెప్తుండె."

ప్రగతి ఆశ్చర్యపోయింది. "మరి అమ్మ ఎక్కిండని చెప్పేది గద?"

"జోతికి ఎరుకే. గడ్డి కోసిండంటే ఆ పోరగాండ్లు అన్నం తింటరా?" అంది అత్త. "ఎక్కిండంటే నోరు తెరుసుకోని పైకి చూస్తరు. అప్పుడు ముద్ద పెడ్తుండె."

ప్రగతి నవ్వింది. నవ్వుతూనే లోపలికి వెళ్లి ముఖం కడుక్కుని వచ్చింది.

అంత తక్కువ ఎందుకు పలికిందని అత్త అడిగింది. సేఠ్ చెప్పిన మూడు లోపాలూ చెప్పాను. బెజ్జం సంగతి చెబితే, తాను పుట్టినప్పుడు నాయన మేకుతో బెజ్జం కొట్టి తన మెడలో వేశాడంది. తోమిన సంగతి చెబితే, ముందు మా అవ్వ తోమింది, ఆమెనక నేను తోమిన, దేవుణ్ని తోమకపోతె ఎట్ల అంది. అంచున నొక్కులున్నాయని, ఎలుక కొరికి ఉంటుందని సేఠ్ అన్నాడని చెప్పాను.

ఆమె చెయ్యి చాచింది. బిళ్ల ఇచ్చాను. చూపు ఆనదు కాబట్టి బొటనవేలితో అంచు వెంట తడుముకుంటూ పోయి ఒకచోట ఆపింది.

"ఎలుక గాదు," అంది. "జోతి."

బొటనవేలు అక్కడే ఉంచి చెప్పుకుపోయింది.

"నాట్లకు పోయినప్పుడు ఒడ్డు మీద తుమ్మచెట్టుకు ఉయ్యాల కట్టి పండుకోబెడ్తుంటి. అప్పుడు పండ్లు అస్తున్నయి. మెడల ఇది ఉండె. ఏడ్వకపోయేది. ఇది కొరుక్కుంట ఉండేది. నేను మడిల నుంచి చూస్తే ఎండకు తళుక్కుమంటుండె. అది మెరిసిందంటే పిల్ల లేసింది అని నాకు ఎరుక."

కింద రెండు పళ్లు వచ్చి, పైన ఒకటి వస్తున్నప్పటి సంగతి. ఆ తర్వాత పొలంలో ఎవరో చూసి, బిడ్డ మింగుతుందని భయపెడితే తీసి దేవుళ్ల దగ్గర పెట్టారట. మళ్లీ ఎవరూ దాన్ని మెడలో వేసుకోలేదు.

ప్రగతి అమ్మమ్మ చేతిలోంచి బిళ్ల తీసుకుని తన వేలు అక్కడ పెట్టి చూసుకుంది. చాలాసేపు ఇవ్వలేదు.

అత్త చాట మళ్లీ దగ్గరికి లాక్కుంది. బియ్యం చెరుగుతూనే చెప్పింది. సేఠుకు దండం పెట్టానని చెప్పమంది. ఎండి లేకపోతే లేదంది. ఇది కూడా తల్లిగారింటిదే, దీన్నే కూర్చోబెడదామంది.

"దానికి మొఖమే లేదు గద అమ్మమ్మా," అంది ప్రగతి.

"సోముగాని అచ్చుకున్న మొఖం నా బిడ్డదా?"

ప్రగతి బిళ్లను తిరిగి అమ్మమ్మ చేతిలో పెట్టింది.

పెత్రమాస పొద్దున ప్రగతి తంగేడు, గునుగు పూలు తెచ్చి వాకిట్లో పోసింది. సాయంత్రం బతుకమ్మకు. వాళ్లమ్మ పేర్చినంత ఎత్తు తనకు రాదని ముందే చెప్పింది. నేను దేవుని అర్ర తుడిచాను. అత్త పెరట్లో బండ మీద దీపపు కుందులు, బిళ్లలు పెట్టుకుని చింతపండుతో తోముతోంది. మా నాయనమ్మ బిళ్ల తోమి కడిగింది. మా చిన్నమ్మ బిళ్ల తోమి కడిగింది. తర్వాత రెక్కల బిళ్ల అందుకుంది. అలవాటు చొప్పున చింతపండు ముద్ద అద్ది విమానం వైపు రుద్దడం మొదలుపెట్టింది.

వద్దు అనబోయాను. అనే లోపే ఆమె బొటనవేలు అంచు దాకా వచ్చి ఆగింది. చింతపండు ముద్ద బీరపాదు మొదట్లో వేసేసింది. చెంబుతో ఉత్త నీళ్లు పోసి, కొంగుతో ఒత్తి తుడిచింది.

లోపలికి తెచ్చి తన చేతులతోనే పెట్టింది, మా చిన్నమ్మ పక్కన. ముందు నుంచి ఉన్న వాళ్లిద్దరూ వెండివాళ్లు, ఒక్కతీరు ముఖాలవాళ్లు. మూడోది మసకగా, పెద్దగా, ముఖం లేకుండా ఉంది. పసుపు రాసేటప్పుడు అంచును మాత్రం వదిలేసింది.

"కూసో జోతీ," అంది, ఎండలో పడి వచ్చిన మనిషితో అన్నట్టు.

బియ్యం తీసుకోవడానికి జంగమాయన వచ్చాడు. విస్తట్లో బియ్యం, పప్పు, బీరకాయలు, చింతపండు, ఉప్పు పెట్టి ఇవ్వాలి. ఇచ్చేటప్పుడు పెద్దల పేర్లు ఇంటి మగమనిషి పైకి చెప్పాలి. మా తాత పేరు చెప్పాను. నాయనమ్మ పేరు, మా నాయన పేరు, అమ్మ పేరు, చిన్నమ్మ పేరు చెప్పాను. తర్వాత ఆగాను. ఏడాదికి పైగా ఆ పేరు నేను పైకి అనలేదు. ఇంట్లో 'మీ అమ్మ' అనో 'ఆమె' అనో అంటూ వచ్చాను. జంగమాయన తొందర పెట్టలేదు.

జ్యోతిర్మయి అన్నాను.

ఆయన ఆ పేరును తక్కిన పేర్ల తర్వాత చేర్చి అన్నీ మళ్లీ ఒక్కసారిగా చదివి, బియ్యం జోలెలో పోసుకుని వెళ్లాడు.

అందరూ బయటికి పోయాక దేవుని అర్రలో కొంచెంసేపు ఉన్నాను. కూర్చోబెట్టిన బిళ్లను ఆ రోజు కదపకూడదు. కదపకుండానే కింది అంచున వేలు పెట్టాను. ఇటు రెండు, అటు ఒకటి. ఆమెను నేను చూడకముందు ఎన్నో ఏళ్ల నాటివి. అవి పడిన రోజున ఆమెకు నా పేరు కూడా తెలియదు.

అన్నం చల్లారుతోందని అత్త పిలిచింది. వెళ్లాను.